సబ్‌మెరైన్‌లో ఆడవాళ్ళకి చోటు లేదా, మనం ఇవ్వట్లేదా?

బీచ్‌రోడ్డు_విశాఖ:
మొన్న ఆదివారం మా అమ్మాయికి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ చూపించా. పదో క్లాసు. ఆ గుండ్రటి తలుపులోంచి ఒంగి, కాలెత్తి దాటుతూ "నాన్నా ఇందులో అమ్మాయిలెవరూ పని చెయ్యలేదా" అనడిగింది. లేదమ్మా అన్నా. వెనకాల వస్తున్న ఒకాయన "చోటేదమ్మా ఇందులో" అన్నారు. అప్పటికి ఊరుకున్నా గానీ ఇంటికొచ్చాక మనసొప్పలేదు. నార్వేలో సోల్వైగ్ క్రే అనే ఆవిడ 1995 సెప్టెంబర్లోనే కొబ్బెన్ అనే సబ్‌మెరైన్‌కి కమాండర్ అయింది, ప్రపంచంలోనే మొదటి మహిళ. ఆ బోటు పొడవు 50 మీటర్లు కూడా లేదు, మన కుర్సురా 91 మీటర్లు. సగం బోటులో ఆవిడకి చోటు దొరికినప్పుడు మన దగ్గర చోటు లేదనే మాట ఎలా నిలుస్తుంది? మీరేమంటారు?

పాత_సబ్‌మెరైనర్:
బాబూ, నేను కుర్సురా లాంటి ఫాక్స్‌ట్రాట్ రకం బోట్లలోనే చేశాను. మీటర్లు చూసి లెక్క కట్టకండి. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి బంకులోనే ఇంకొకడు వాలాలి, స్నానం మాట మర్చిపోవాలి, మంచినీళ్ళు కొలిచి వాడాలి. ఇంటికొచ్చాక కూడా డీజిల్ వాసన వదిలేది కాదు, మా ఆవిడ నా బట్టలు విడిగా నానబెట్టేది. నార్వే వాళ్ళవి ఇరవై పైచిలుకు మందితో వాళ్ళ తీరం కాపలా కాసుకునే చిన్న బోట్లు. మన సముద్రం వేరు, మన పని వేరు. ఆడపిల్లలకి చేతకాదని నేను అనట్లేదు, కానీ పోలిక సరిగ్గా పెట్టండి.

తారిణి_అభిమాని:
బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అంటున్నా, చిన్న బోటు అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ కదండీ, ఆ ఇరవై మందీ ఒకరి మీద ఒకరు పడి బతకాల్సిందే, అక్కడ ఆవిడ నెగ్గుకొచ్చింది. మన తారిణి సంగతే చూడండి, 56 అడుగుల తెరచాప పడవ, ఆరుగురు నేవీ అమ్మాయిలు 2017 సెప్టెంబర్లో బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చారు, అందులో స్వాతి మన విశాఖ, ఐశ్వర్య హైదరాబాదు. రష్యా నుంచి తెచ్చుకున్న మన నేవీ నౌకల్లో ఆడవాళ్ళకి బాత్రూములు లేవన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2020 మార్చిలో కోర్టు అది చెల్లదంది. బ్రిటన్ వాళ్ళు ఎన్నో ఏళ్ళు బోటు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆడవాళ్ళకి ప్రమాదం అన్నారు, తీరా పరిశోధన చేయిస్తే గర్భంతో లేనివాళ్ళకి ఆ భయం అక్కర్లేదని తేలింది, 2014లో ముగ్గురు మహిళా ఆఫీసర్లు సబ్‌మెరైనర్లకిచ్చే డాల్ఫిన్ బ్యాడ్జీ పెట్టుకున్నారు. ఒక కారణం పోతే ఇంకోటి వస్తోంది, అదీ నా బాధ.

గోదావరి_గట్టు:
ప్రాణాల సంగతి ఎవరూ మాట్లాడట్లేదేం? 2017 నవంబర్లో అర్జెంటీనా సబ్‌మెరైన్ సాన్ హువాన్ 44 మందితో మునిగిపోయింది, అందులో ఎలియానా క్రావ్‌చిక్ ఉంది, దక్షిణ అమెరికాలోనే తొలి మహిళా సబ్‌మెరైన్ ఆఫీసర్. కన్నవాళ్ళ గురించి ఆలోచించండి.

తారిణి_అభిమాని:
మిగతా 43 మందికీ కన్నవాళ్ళు ఉన్నారండీ.

పాత_సబ్‌మెరైనర్:
అది నిజమమ్మా. మేం తలుపు మూసుకుని దిగేటప్పుడు అందరిదీ ఒకటే ప్రాణం. బాత్రూముల సంగతి కూడా ఒప్పుకుంటా, తెర కడితే అయిపోయే పని. నేను పట్టుబట్టేది ఒక్కదాని మీద, ఫొటో కోసం ఎవర్నీ తెచ్చి పెరిస్కోప్ దగ్గర నిలబెట్టకూడదు. అడుగున చీకట్లో, పైన ఓడ శబ్దం వినపడుతుంటే, ఇంజన్ రూమ్ వాడు ఏమంటున్నాడో గొంతుని బట్టి పసిగట్టాలి కమాండర్. అది ఏళ్ళ తరబడి నీళ్ళ కింద ఉంటేనే వస్తుంది.

లెక్కల_మాస్టారు:
ఆ ఏళ్ళ లెక్కే అసలు పాయింటు సార్, అందరూ 1995 పట్టుకుంటున్నారు గానీ చూడాల్సింది 1985. ఆ ఏడు నార్వే సబ్‌మెరైన్లతో సహా అన్ని పోస్టులూ ఆడవాళ్ళకి తెరిచింది, క్రే కమాండర్ అవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది, అంటే ఎవరూ తెచ్చి నిలబెట్టలేదు, మీరన్నట్టే కింద నుంచి ఎక్కింది. అమెరికా 2010లో నిషేధం తీసింది, 2011లో మొదటి ఆడ ఆఫీసర్లు బోటెక్కారు, కెంటకీ అనే బోటులో సెకండ్ ఇన్ కమాండ్‌గా ఆంబర్ కోవన్ వచ్చేసరికి 2022. మన దగ్గర ఐఎన్ఎస్ ట్రింకాట్ యుద్ధనౌకకి ప్రేరణా దేవస్థలీని కమాండర్‌గా 2023లో ప్రకటించారు, ఆవిడ సర్వీసులో చేరింది ఎప్పుడో. రేపు కమాండర్ కావాలంటే ఇవాళ ట్రైనీ ఉండాలి. ఇవాళ తలుపు తియ్యకుండా రేపు "అనుభవం ఉన్నవాళ్ళు లేరు" అంటే అన్యాయం.

పాత_సబ్‌మెరైనర్:
ఈ మాట నేను కాదనలేను. సబ్‌మెరైన్ స్కూలు సాతవాహన మన విశాఖలోనే ఉంది. పరీక్ష ఒకటే పెట్టండి, మార్కులు ఒకేలా వెయ్యండి, నెగ్గిన పిల్ల ఎవరైనా దిగనివ్వండి. నాకేం అభ్యంతరం లేదు.

బీచ్‌రోడ్డు_విశాఖ:
థాంక్స్ సార్. మాస్టారు చెప్పిన లెక్క ఇంట్లో చెప్పా. మా దానికిప్పుడు 15. చదువయ్యి చేరేసరికి 22, ఆపైన పదేళ్ళు, 32కి కమాండర్ అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని వెళ్ళి ఫిజిక్స్ పుస్తకం తీసింది.