ఎమ్మెల్యే పీఏ సర్కారు జీతం తీసుకుంట ప్రచారం చేస్తే ఏ రుజువు నిలబడుతది?

సాగర్ ఎడమకాల్వ:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా. మా ఎమ్మెల్యే గారి పీఏ అసలు ఒక శాఖల జూనియర్ అసిస్టెంట్, డిప్యుటేషన్ మీద వచ్చిండు. పోయిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు క్యాంపు ఆఫీసులనే కూసొని బూత్ కమిటీల లిస్టులు చేసిండు, ఆఫీసు కారుల మండలాలు తిరిగిండు. వచ్చేసారి అట్ల జరిగితే ఊకోవద్దని కొందరం అనుకుంటున్నం. ఫోటోలు చాలా? ఎవరికియ్యాలె? ఎన్నిక రద్దు దాక పోతదా, సస్పెన్షన్‌తోనే ఆగుతదా?

పాలమూరు వకీల్:
ముందు ఆయన హోదా చూడాలండి. చాలా కేసులు అక్కడే పోతాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 123(7) ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడాన్ని అవినీతి చర్య (రుజువైతే ఎన్నిక రద్దయ్యే తప్పు) అంటుంది గానీ, ఉద్యోగులందరికీ వర్తించదు. గెజిటెడ్ అధికారులు, జడ్జీలు, మెజిస్ట్రేట్లు, సైన్యం, పోలీసులు, ఎక్సైజ్, రెవెన్యూ అధికారులు ఇట్లా ఒక జాబితా ఉంది. మామూలు శాఖలో జూనియర్ అసిస్టెంట్ అందులోకి రావడం కష్టం. గెజిటెడ్ హెడ్మాస్టర్ వస్తాడు, స్కూల్ అసిస్టెంట్ రాడు. అట్లని వదిలేయాల్సిన పని లేదు. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఏ ఉద్యోగీ ఎన్నికల్లో ప్రచారం చేయకూడదు, కాబట్టి శాఖాపరమైన చర్య తప్పకుండా కోరవచ్చు. ఎలక్షన్ ఏజెంటుగానో, పోలింగ్ లేదా కౌంటింగ్ ఏజెంటుగానో కూర్చుంటే సెక్షన్ 134ఏ కింద 3 నెలల దాకా జైలు.

రెండోది తేదీ. సెక్షన్ 79(బి) ప్రకారం నామినేషన్ పడ్డాకే మనిషి ‘అభ్యర్థి’ అవుతాడు. అంతకు ముందు చేసిన పని ఎన్నికల కోడ్ ఉల్లంఘన కావచ్చు గానీ 123(7)కు అందదు. 1971లో ఇందిరా గాంధీ గెలుపు మీద పడ్డ కేసులో పెద్ద వాదన ఈ తేదీల మీదే నడిచింది. యశ్‌పాల్ కపూర్ ప్రధాని సచివాలయంలో ఆఫీసర్ ఆన్ స్పెషల్ డ్యూటీ. 1971 జనవరి 13న రాజీనామా ఇచ్చారు. అది 14 నుంచి అమలైనట్టు నోటిఫికేషన్ వెలువడింది మాత్రం 25న. ఆ మధ్య రోజుల్లో ఆయన ప్రభుత్వోద్యోగేనా కాదా అన్నది పెద్ద ప్రశ్న అయింది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఎన్నిక చెల్లదంది. తర్వాత పార్లమెంటు చట్టం సవరించి, నియామకం, రాజీనామా ఏ తేదీ నుంచి అమలైందో చెప్పడానికి గెజిటే తిరుగులేని రుజువు అని రాసింది. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ సవరణల ఆధారంగా తీర్పు తిప్పేసింది. అందుకే పీఏ డిప్యుటేషన్ ఉత్తర్వు, రిలీవింగ్ ఉత్తర్వు మొదట సంపాదించండి.

ఇంకో మెలిక: పీఏ తనంతట తాను చేశాడంటే కేసు వీగిపోతుంది. అభ్యర్థి గానీ ఆయన ఎలక్షన్ ఏజెంటు గానీ చేయించారని, లేదా ఒప్పుకున్నారని చూపించాలి. అది కూడా క్రిమినల్ కేసంత గట్టిగా.

మూసీ గట్టు:
ఫోటోల సంగతి నేను చెప్త. కోడ్ అమల్లో ఉన్నప్పుడు సీ-విజిల్ యాప్ (కోడ్ ఉల్లంఘనల మీద ఎన్నికల సంఘానికి ఫిర్యాదు పంపేది) వాడండి. దానిల గ్యాలరీ నుంచి పాత ఫోటో ఎక్కించలేరు, అక్కడికక్కడ తీసిందే పోతది. వీడియో 2 నిమిషాల దాకనే. తీసినంక 5 నిమిషాల్లోపు పంపాలె. లొకేషన్ అదే పట్టుకుంటది. ఫిర్యాదు తేల్చడానికి 100 నిమిషాల గడువు. పేరు చెప్పకుండ కూడ పంపొచ్చు గానీ అట్ల పంపితే ఏమైందో మీకు తెల్వదు.

ఒట్టి కారు ఫోటో తీస్తే లాభం లేదు. నంబరు ప్లేటు, పార్టీ కండువానో కరపత్రాల కట్టలో, ఆ మనిషి ముఖం, మూడూ ఒకే వీడియోల కనపడాలె. లేకుంటే ‘ఆఫీసు పని మీద పోయిన’ అంటడు, అయిపోయె.

అదే వీడియో కోర్టుకు పోవాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలె. దానిల హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, రాయాలె. అందుకని అసలు ఫైలును వాట్సాప్‌ల పంపి ఫోన్ నుంచి తీసెయ్యకండి. వాట్సాప్ ఫైలును కుదిస్తది, హ్యాష్ మారిపోతది.

లాగ్‌బుక్:
నా లెక్కల వీడియోకంటే కాగితం గట్టిది. సమాచార హక్కు కింద ఆ బండి లాగ్‌బుక్, డీజిల్ బిల్లులు, పీఏ హాజరు పట్టిక, టూర్ డైరీ అడగండి. జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండల ఆఫీసుకు 5. ‘అన్ని వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే వాపస్ కొడతరు. బండి నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాక, సర్టిఫై చేసిన జిరాక్సులు అని రాయండి.

వచ్చినంక ఒకరోజు చివరి రీడింగు, తెల్లారి మొదటి రీడింగు కలుస్తున్నయా చూడండి. మధ్యల కిలోమీటర్లు పోతే ఆ తిరుగుడు ఎక్కడిదని అడగొచ్చు. నల్లగొండ నుంచి హైదరాబాద్ మీటింగుకు నార్కట్‌పల్లి మీదుగ పోయినట్టు రాసుంటే పంతంగి టోల్ దాటాలె కద, అక్కడి రికార్డు తెప్పించమని విచారణ అధికారిని కోరండి. దేవరకొండ వాళ్లు మాల్ మీదుగ పోతే పంతంగి తగలది, ఆ తేడా యాదుంచుకోండి.

క్యాంపు ఆఫీసు సీసీ కెమెరాల రికార్డింగు మీద కొత్తది ఎక్కుతనే ఉంటది. ఫిర్యాదు ఇచ్చిన నాడే ‘ఫలానా తేదీ ఫుటేజీ భద్రపరచండి’ అని రిటర్నింగ్ అధికారికి, జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టర్‌కు రాసి, రసీదు తీసుకోండి.

పాలమూరు వకీల్:
లాగ్‌బుక్ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఎన్నిక రద్దు కోరుతూ హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్‌కు గడువు ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజులే. ఆలస్యాన్ని కోర్టు మన్నించదు, ఆ అధికారం దానికి లేదు. సమాచార హక్కు జవాబుకే 30 రోజులు పోతాయి, మొదటి అప్పీలుకు వెళ్తే గడువు దాటినట్టే. అందుకని దరఖాస్తులు పోలింగ్‌కు ముందే పడాలి. పిటిషన్ ఓడిన అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గపు ఓటరు ఎవరైనా వేయవచ్చు. 2,000 రూపాయల డిపాజిట్ కట్టకపోతే విచారణ లేకుండానే కొట్టేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారన్నది పిటిషన్‌లోనే ఉండాలి, అవినీతి చర్య ఆరోపణకు మద్దతుగా ఫారం 25 అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జతచేయాలి.

సాగర్ ఎడమకాల్వ:
శానా థాంక్స్. ఇదే పీఏ సర్పంచ్ ఎన్నికల్ల తిరిగితే గూడ ఇదే దారా?

మూసీ గట్టు:
కాదన్నా. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూస్తది, 2018 పంచాయతీరాజ్ చట్టం కింద నడుస్తయి. సీ-విజిల్ కేంద్ర ఎన్నికల సంఘానిది, దీనికి పనికిరాదు. కలెక్టర్‌కు, రాష్ట్ర సంఘానికి రాతపూర్వకంగ ఇయ్యండి. పిటిషన్ కూడ హైకోర్టుకు కాదు, ఎన్నికల ట్రిబ్యునల్‌కు పోతది. శాఖాపరమైన ఫిర్యాదు మాత్రం ఏ ఎన్నికకైనా ఒక్కటే: ఆయన మాతృశాఖ జిల్లా అధికారికి, డిప్యుటేషన్ ఉత్తర్వు జిరాక్సు జతచేసి.