అప్‌డేట్: గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత గుండెదడ, చెమటలు – కారణం తెలిసింది

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్న అయిదో నెలలో, తిన్న 20 నిమిషాలకే దడ, చెమటలు వస్తున్నాయని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "తీపి తిన్నప్పుడేనేమో చూసుకోండి" అన్నవారి మాటే నిజమైంది. ఈసీజీ, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. గ్యాస్ మాత్రలు దండగ.

డాక్టరు దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అన్నారు: చిన్నదైన పొట్టలోంచి తీపి ఒక్కసారిగా పేగులోకి జారడమే కారణం. నా విషయంలో దోషి ఆత్రేయపురం పూతరేకు (ఒకటి కాదు, రెండు!). తీపి మానేశాను. ముందు గుడ్డో చేపో తిని, భోజనమయ్యాక అరగంట ఆగి నీళ్లు తాగుతున్నాను. మూడు వారాలుగా దడ లేదు.

షుగరు మాత్రలు డాక్టరే ఆపించారు. విటమిన్లు మాత్రం జీవితాంతం వాడాలట. రోజూ కాలువగట్టు మీద లాకుల దాకా నడుస్తున్నాను. 2015 పుష్కరాల్లో ఇద్దరు పట్టుకుంటే గానీ రేవు మెట్లు దిగలేకపోయాను. 2027లో ఒక్కదాన్నే దిగుతాను.