ఐర్లండ్ విధానాలను దశాబ్దాల గణాంకాలతో పరిశీలించాలంటే ఏ శ్రేణిని ఆధారం చేసుకోవాలి?

ప్రశ్న: రాయగడ విద్యార్థిని

పెద్దలకు నమస్కారం. మా ఇల్లు రాయగడ, బరంపురంలో ఎం.ఏ. అర్థశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. లఘు పరిశోధనకు ఐర్లండును ఎంచుకున్నాను. 1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి టి.కె. విటకర్ తయారుచేసిన నివేదిక దగ్గర మొదలుపెట్టి, సుంకాల రక్షణను వదులుకుని విదేశీ పెట్టుబడిని ఆహ్వానించడం, 1967లో ఉచిత సెకండరీ విద్య, 1973లో యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరిక, 1987 నుండి ప్రభుత్వానికీ యజమానులకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన ఒప్పందాలు, 2008 నాటి బ్యాంకుల పతనం వరకు ప్రతి విధానం ఫలితాన్నీ అంకెలలో చూపాలన్నది నా ఉద్దేశం.

తలసరి జీడీపీ రేఖ గీసి చూస్తే 2015 దగ్గర అది నిట్టనిలువుగా లేచింది. ఒక్క సంవత్సరంలో 26 శాతం వృద్ధి అంటే పరీక్షకులు నవ్వుతారేమోనని భయంగా ఉంది. పేదరికం పట్టికలు ఇంకా తికమకగా ఉన్నాయి: 2007లో 16.5 శాతంగా ఉన్న సాపేక్ష పేదరికం, దేశం కుప్పకూలుతున్న 2009లో 14.1 శాతానికి తగ్గినట్టు కనిపిస్తోంది. వీటిలో దేనిని నమ్మి రాయాలి? చివరి అధ్యాయంలో మన కోరాపుట్ ప్రాంతంతో కొంత పోల్చాలని కూడా ఉంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: జయపురం, విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, ఆ 26 శాతం మీ లెక్క తప్పు కాదు. 2016 జూలైలో ఐర్లండు కేంద్ర గణాంక కార్యాలయం స్వయంగా ప్రకటించిన అంకె 26.3 శాతం. తర్వాత కొద్దిగా సవరించినా ఆ నిలువు గీత అలాగే ఉంది. అదే ఏడాది ఉద్యోగాలు పెరిగింది రెండు మూడు శాతమే. అసలు జరిగిందేమిటంటే, కొన్ని బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లను, ఇతర మేధోసంపత్తిని ఐర్లండులోని అనుబంధ సంస్థల పేరు మీదకు మార్చుకున్నాయి. ఆ ఆస్తుల మీద ప్రపంచమంతటా వచ్చే ఆదాయం ఐర్లండు ఉత్పత్తిగా నమోదు కావడం మొదలైంది. విమానాలు అద్దెకిచ్చే సంస్థల ఆస్తులు, ప్రధాన కార్యాలయాన్ని కాగితం మీద మాత్రమే అక్కడికి మార్చుకున్న కంపెనీల లాభాలు కూడా దీనికి తోడయ్యాయి. పన్ను తక్కువని రాయగడలో రిజిస్టరై, ఒక్కరోజు కూడా ఆ జిల్లా రోడ్డెక్కని లారీలన్నిటినీ జిల్లా రవాణా అభివృద్ధి కింద లెక్కగడితే ఎలా ఉంటుందో ఊహించండి.

2003 నుండి కార్పొరేట్ పన్ను 12.5 శాతంగా ఉండడం కూడా దీని వెనుక ఉన్న కారణాల్లో ఒకటి (పెద్ద బహుళజాతి సంస్థలకు 2024 నుండి కనీస పన్ను 15 శాతం చేశారు). కాబట్టి ఆ గీత నిట్టనిలువుగా లేవడం కూడా ఒక విధాన ఫలితమే. దానిని పట్టిక నుండి తీసేయకండి, విడిగా ఒక ప్రకరణంలో వివరించండి. ఎందుకంటే ఆ అంకెకు నిజమైన పర్యవసానాలు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌కు చెల్లించవలసిన వాటా జాతీయ ఆదాయాన్ని బట్టి ఉంటుంది కనుక అది పెరిగింది. ఇక 2014లో జీడీపీలో 100 శాతానికి పైబడి ఉన్న ప్రభుత్వ రుణం, అప్పు పెద్దగా తీరకుండానే 2015లో 80 శాతం దిగువకు దిగినట్టు కనిపించింది. రుణభారం తగ్గిందని ఆ నిష్పత్తిని చూపి ఎవరైనా రాస్తే మీరు గట్టిగా ప్రశ్నించవచ్చు.

ఈ చిక్కును విడదీయడానికి అప్పటి కేంద్ర బ్యాంకు గవర్నరు ఫిలిప్ లేన్ అధ్యక్షతన ఒక సమీక్షా బృందాన్ని వేశారు. దాని సిఫారసు ప్రకారం 2017 నుండి 'సవరించిన స్థూల జాతీయ ఆదాయం' అనే కొలమానాన్ని ప్రచురిస్తున్నారు. అందరూ జీఎన్ఐ స్టార్ అంటారు. విదేశాలకు తరలిపోయే లాభాలు స్థూల జాతీయ ఆదాయం లెక్కలోనే పోతాయి. ఇక్కడ అదనంగా, నివాసం మార్చుకున్న కంపెనీల ఆదాయాన్ని, దేశంలోకి తెచ్చిన మేధోసంపత్తి మీద తరుగుదలను, అద్దె విమానాల మీద తరుగుదలను కూడా మినహాయిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో ఇది జీడీపీలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటోందంటే తేడా ఎంతటిదో గ్రహించవచ్చు.

అయితే ఈ శ్రేణి 1995 నుండే దొరుకుతుంది. మీ కథ 1958లో మొదలవుతోంది కదా. 1970ల వరకు జీడీపీకీ జాతీయోత్పత్తికీ (జీఎన్పీ, అంటే విదేశాలకు పోయే లాభాలు తీసేసిన లెక్క) మధ్య తేడా స్వల్పం. విదేశీ కంపెనీల లాభాలు పెరిగిన 1980లలోనే అది విస్తరించింది. అందుచేత 1995కు ముందు జాతీయోత్పత్తిని, ఆ తర్వాత జీఎన్ఐ స్టార్‌ను వాడండి. రెంటినీ అతికించి ఒకే గీతగా మాత్రం గీయకండి. 1995 నుండి కొన్నేళ్లు రెండు గీతలనూ పక్కపక్కన చూపిస్తే చాలు.

జవాబు: పర్లాకిమిడి, సర్వే విభాగంలో పనిచేసినవారు

మాష్టారు జీడీపీ సంగతి చెప్పారు కనుక నేను పేదరికం పట్టుకుంటాను.

మీరు చూసిన 16.5, 14.1 రెండూ సరైన అంకెలే. సాపేక్ష పేదరికపు గీత అంటే కుటుంబ పరిమాణానికి సర్దుబాటు చేసిన ఆదాయాల మధ్యగతంలో (అందరినీ ఆదాయ క్రమంలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవారి ఆదాయంలో) 60 శాతం. సంక్షోభానికి ముందు, 2009 బడ్జెట్ వరకు, పింఛన్లనూ సంక్షేమ భృతులనూ పెంచుతూ వచ్చారు కనుక మొదట నిజంగానే కొందరు గీత దాటారు. తర్వాత జీతాలు తగ్గి, ఉద్యోగాలు పోయి, మధ్యగతమే పడిపోయింది. దానితోపాటు గీత కూడా కిందికి జరిగింది. నిన్న పేద అయిన మనిషి, ఆదాయం ఒక్క యూరో పెరగకుండానే, ఈ రోజు పేద కాకుండా పోతాడు. అందుకే ఆ సంవత్సరాలకు లేమి సూచికను కూడా పక్కనే ఉంచుకుని చూడాలి. రెండు జతల గట్టి బూట్లు, వానకు తడవని వెచ్చని కోటు, రోజు విడిచి రోజు మాంసమో చేపో ఉన్న భోజనం, ఇల్లు వెచ్చగా ఉంచుకోగలగడం వంటి 11 అంశాలలో కనీసం రెండింటిని డబ్బు లేక వదులుకున్నవారిని ఇందులో లెక్కిస్తారు. 2007లో వీరు 11.8 శాతం, 2013లో 30.5 శాతం. ఆరేళ్లలో రెండున్నర రెట్లు! సాపేక్ష పేదరికం గీత ఇందులో ఏ కొంచెమూ చూపదు.

సాపేక్ష పేదరికం, లేమి రెండూ ఒకే ఇంట ఉంటే దానిని 'స్థిర పేదరికం' అనవచ్చు. 1997 నాటి జాతీయ పేదరిక నిర్మూలన వ్యూహం లక్ష్యంగా పెట్టుకున్నది దీనినే. ఈ కొలమానానికి సైద్ధాంతిక పునాది వేసినది డబ్లిన్‌లోని ఆర్థిక, సాంఘిక పరిశోధన సంస్థ. అది 1960లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో మొదలైంది. తొలి సంచాలకుడు ఆర్.సి. గేరీ అంతకు ముందు కేంద్ర గణాంక కార్యాలయానికి తొలి అధిపతి. అంకెలు సేకరించే చోటికీ విధానాన్ని విశ్లేషించే చోటికీ మధ్య ఆ దేశంలో రాకపోకలు మొదటి నుండీ ఉన్నాయనడానికి మీకు ఇది పనికొస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. 1994 నుండి 2001 వరకు ఉన్న సర్వే ఆ పరిశోధన సంస్థది. 2003 నుండి వచ్చినది యూరప్ అంతటికీ ఉమ్మడిగా రూపొందించిన, గణాంక కార్యాలయం నడిపే సర్వే. ప్రశ్నలు, నమూనా రెండూ వేరు. పైగా 2007కు ముందు లేమి అంశాలు 8 మాత్రమే. అప్పట్లో ఒక్కటి లేకున్నా చాలు, తర్వాత రెండు లేకపోవాలన్నారు. 2020లో మళ్లీ ఆదాయ సేకరణ పద్ధతి మారింది. ఈ మూడు చోట్లా గీతను తెంపి చూపండి. వీలైతే 2008 నాటి పేదరికపు గీతనే ధరలకు సర్దుబాటు చేసి తర్వాతి సంవత్సరాలకు వర్తింపజేసి మరో పట్టిక వేయండి. అప్పుడు సంక్షోభం అంకెలలో కనిపిస్తుంది.

జవాబు: గుణుపురం

పై ఇద్దరి మాటలతో విభేదించను గాని, మీ పరిశోధన ఆదాయంతో మొదలుకావడమే నాకు నచ్చలేదు. ఐర్లండు విషయంలో అన్నిటికంటె పొడవైన, నిక్కచ్చి అయిన శ్రేణి జనాభాదే. ఇప్పటి రిపబ్లిక్ పరిధిలోని 26 కౌంటీలలో 1841 జనగణన నాటికి సుమారు 65 లక్షల మంది ఉండేవారు. మహాక్షామం, ఆ తర్వాత శతాబ్దం పాటు ఆగని వలస కలిసి 1961కి దానిని 28 లక్షలకు దించాయి. 1950ల ఒక్క దశాబ్దంలోనే నికరంగా సుమారు 4 లక్షల మంది దేశం విడిచి వెళ్లారు. అప్పుడు మరణాల కంటె జననాలు ఎంతో ఎక్కువ, అయినా జనాభా తగ్గింది. విటకర్ నివేదికకు అసలు ఒత్తిడి ఇదే. 2022 జనగణనలో 51 లక్షలు దాటారు. ఇప్పటికీ 1841 స్థాయికి చేరలేదు.

జననాలు, మరణాలు నమోదవుతాయి కనుక రెండు జనగణనల తేడా నుండి, జననాలలో మరణాలు పోగా మిగిలిన సంఖ్యను తీసివేస్తే నికర వలస మిగులుతుంది. 1970లలో లోపలికి, 1980లలో బయటికి, 1990ల నడిమి నుండి మళ్లీ లోపలికి, 2009 తర్వాత కొన్నేళ్లు బయటికి. ఏ మంత్రి ప్రసంగం అవసరం లేకుండానే విధానాల తీర్పు ఇందులో కనిపిస్తుంది. సాధారణంగా అయిదేళ్లకొకసారి జరగవలసిన జనగణన 1976లో రద్దయి 1979లో జరిగింది, 2021ది కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. మధ్యకాలం అయిదేళ్లు కాదని గుర్తుంచుకుంటే చాలు.

రాయగడ విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. వలసను మొదటి అధ్యాయంగా తీసుకుంటాను. విద్య, స్త్రీల ఉపాధి గురించి కూడా రాయాలని ఉంది. 1967 నాటి ఉచిత విద్య ప్రభావాన్ని ఏ సంవత్సరం నుండి వెతకాలి?

జవాబు: జయపురం, విశ్రాంత అధ్యాపకుడు

1967లో పన్నెండేళ్ల పిల్ల 1990లకు గాని ముప్పై అయిదు దాటదు. శ్రామిక శక్తిలో పాత తరం స్థానంలో చదువుకున్న తరం నిండడానికి పాతికేళ్లు పట్టింది. 1990ల వృద్ధికి కంపెనీలనే కారణంగా చూపేవారు దీనిని తరచు మరుస్తారు. కనుక విద్యా వ్యయాన్నీ అదే ఏడాది జాతీయోత్పత్తినీ పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. వయోవర్గాల వారీగా విద్యార్హతలను జనగణనల నుండి తీసి చూడండి.

స్త్రీల విషయంలో 1971 జనగణన ప్రకారం వివాహితలలో పదిమందికి ఒకరు కూడా ఉద్యోగంలో లేరు. పెళ్లయితే ప్రభుత్వోద్యోగం వదులుకోవాలన్న నిబంధన 1973 వరకు ఉండేది. అయితే పొలం పనిలో రోజంతా ఉండే రైతు భార్యను ఆ జనగణనలు గృహిణిగానే రాసుకున్నాయి. మన గుణుపురం వైపు వరి కోతల్లో ఆడవాళ్లను చూసిన మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 1975లో మొదలైన శ్రామిక శక్తి సర్వేలు, 1997 చివర నుండి మూడు నెలలకొకసారి జరిగిన సర్వేలు వాడిన నిర్వచనాలు వేరు. నిరుద్యోగితకు మాత్రం 'లైవ్ రిజిస్టర్'ను వాడకండి. భృతికి పేరు నమోదు చేసుకున్నవారి జాబితా అది, వారంలో కొన్ని రోజులు పనిచేసేవారు కూడా అందులో ఉంటారు.

జవాబు: కోరాపుట్

చివరి అధ్యాయం గురించి ఒక్క మాట. 1992 అక్టోబరు 2న అవిభక్త కోరాపుట్ నుండి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి, గంజాం నుండి గజపతి జిల్లాలు ఏర్పడ్డాయి. కాబట్టి 1991కి ముందూ వెనకా పోల్చాలంటే కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి నాలుగు జిల్లాలనూ మళ్లీ కలిపి లెక్కగట్టాలి. 'కోరాపుట్' అన్న వరుసను అలాగే లాగితే జనాభా సగానికి పైగా మాయమైనట్టు కనిపిస్తుంది. మన దేశపు వినియోగ వ్యయ సర్వేలలో 1999-2000 నాడు గుర్తుచేసుకునే కాలవ్యవధి మార్చడం, 2011-12 తర్వాత 2022-23 వరకు ఫలితాలు లేని విరామం, ప్రశ్నపత్రంలో మార్పు, ఇవన్నీ పర్లాకిమిడి మిత్రులు చెప్పిన తెంపుల వంటివే. ఐర్లండు పేదరిక శాతాన్నీ మన శాతాన్నీ ఒక పట్టికలో పెట్టవద్దు, గీతలే వేరు. పోల్చవలసింది వలసను: అక్కడ లెక్కకు వచ్చినట్టుగా, ఇక్కడి నుండి ఇటుక బట్టీలకు వెళ్లి ఆరు నెలలకు తిరిగొచ్చేవారు పదేళ్లకొకసారి జరిగే జనగణనలో ఎందుకు దొరకరో రాయండి. అది ఎవరూ సరిగా రాయని అధ్యాయం.

జవాబు: పర్లాకిమిడి, సర్వే విభాగంలో పనిచేసినవారు

పట్టికలు గణాంక కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కుటుంబాల స్థాయి సమాచారం కావాలంటే డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని సాంఘిక శాస్త్రాల దత్తాంశ భాండాగారానికి దరఖాస్తు చేయాలి. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించే అధ్యయనం 2006లో మొదలైంది. తొమ్మిదేళ్లవారు సుమారు 8,500 మంది, తొమ్మిది నెలల పసివారు సుమారు 11,000 మంది అందులో ఉన్నారు. సంక్షోభకాలంలో పెరిగిన బాల్యాన్ని చూపడానికి అంతకంటె మంచి ఆధారం లేదు గాని, మీ గడువు దగ్గరలో ఉంటే దాని జోలికి వెళ్లకండి. అందులోని చరరాశుల పట్టిక చదవడానికే నెల పడుతుంది.