సంఘం అంటే మీ దిక్కు ఏది?

మొన్న ఊరికి పోతే ఎదురింటి చిన్నమ్మ కొంగున పైసలు ముడేసుకుంటున్నది. యాడికే అంటే, "సంగం ఉన్నది బిడ్డా, కిస్తీ కట్టొస్త" అన్నది. అరుగు మీది తాత నవ్విండు: "మా నాయిన కాలంల సంగమొస్తే దొర దర్వాజ పెట్టుకుండట. ఇప్పుడు సంగమొస్తే మనం అప్పు కట్టాలె."

బళ్లో చదివిన సంఘం వేరే కదా. సంఘ సంస్కరణ, సంఘ బహిష్కరణ, సాంఘిక సంక్షేమ హాస్టల్: అక్కడ సంఘమంటే మొత్తం జనం. మా నకిరేకల్ దిక్కు ఆ అర్థంల ఎవరూ అనంగ నేను వినలే. "నలుగురేమంటరు" అంటరు. మాకు సంఘమంటే పోయి చేరేది, పుట్టుకతోటి వచ్చేది కాదు. మీ దిక్కు?

సూర్యాపేట నుంచి:
మాకూ అంతే. నిజాం కాలంల తెలంగాణ తెలుగోళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభనే ఇటు సంగమన్నరు. 1930 జోగిపేట సభనాడు తీర్మానాలు, అర్జీలే. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944 భువనగిరి సభ అయినంక వెట్టి మీద, రైతులను భూమి నుంచి ఎళ్లగొట్టే బేదఖళ్ల మీద కొట్లాటకు దిగింది. ఇగ పల్లెటూరోళ్లకు మహాసభ అంటే నోరు తిరగదు, సంగం తిరుగుతది. గుత్పల సంగమనీ అన్నరు. గుత్ప తెలుసు కదా, దుడ్డుకర్ర.

మహబూబ్‌నగర్ నుంచి:
డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం చెప్తాను. పుట్టుకతో వచ్చేదాన్నీ, పోయి చేరేదాన్నీ జర్మనీ పండితుడు టోనీస్ 1887లోనే విడదీశాడు. చుట్టరికం, ఊరు లాంటివి గెమైన్‌షాఫ్ట్; లెక్క చూసుకుని చేరేవి గెజెల్‌షాఫ్ట్. రెండోదానికి 'సంఘం' అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "మరి కులసంఘం ఎందుల వస్తది సార్?" అన్నాడు. పుట్టుకతో వచ్చిన కులానికి మళ్లీ రసీదు బుక్కు, అధ్యక్షుడు, ఫంక్షన్ హాలు! చాక్‌పీస్ పట్టుకుని కాసేపు అట్లనే నిలబడ్డాను.

మొదట అడిగినాయన:
నా మాటకు గండి పడ్డది సార్. ఒప్పుకుంట. రాత్రి చిన్నమ్మకు ఫోన్ జేసి, ఒకసారి సంగానికి పోకుంటే ఏమైతదే అని అడిగిన. "జుర్మానా ఏస్తరు. అదంటే కట్టొచ్చు. నా కిస్తీ ఆగితే గ్రూపుకే లోన్ రాదాయె, ఇగ బోరింగు కాడ నలుగురూ నన్ను అనకుండ ఊకుంటరా?" అన్నది.