అప్‌డేట్: ట్రేడింగ్ ఖాతాలో ఆగిపోయిన డబ్బు చేతికొచ్చింది

షేర్లు అమ్మిన డబ్బు విత్‌డ్రా పెడితే రోజుల తరబడి ‘ప్రాసెసింగ్’ అనే చూపిస్తోందని అడిగాను కదా, నిన్న బ్యాంకులో జమైంది. మన దగ్గర 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ మరుసటి పనిదినానికే సెటిల్‌మెంట్ (అమ్మిన షేర్లకు డబ్బు లెక్క తేలడం) పూర్తవుతుంది. అది దాటినా బ్రోకర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మారతహళ్లిలో మా పక్కింటి ఆడిటర్ గారు చెప్పినట్లు ముందు బ్రోకర్‌కు మెయిల్ పెట్టి, ఆ టికెట్ నంబరుతో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక ‘స్కోర్స్’లో ఫిర్యాదు చేశాను. దానికి బ్రోకర్ 21 రోజుల్లోగా జవాబు ఇచ్చి తీరాలి. అప్పుడు కదిలారు! బ్యాంకు విలీనం తర్వాత మారిన ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను నేను ఎప్పుడో పంపినా వాళ్లు ఎక్కించనేలేదట. ఇంత చిన్న పనికి మనిషిని ఇంతగా తిప్పడం అన్యాయం.

డబ్బు తీయాలంటే ముందు ‘పన్ను’ కట్టమన్నారని రాసిన తమ్ముడూ, అది పచ్చి మోసం. రూపాయి కూడా పంపకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.