తోక కింద ఎర్రగా ఉన్న ఈ పిట్ట ఏదండీ?

మేడమీద తోట:
మాది ఖమ్మం అండీ. వారం నుంచి మా బాల్కనీలో మనీప్లాంట్ తీగల్లో ఒక జంట గూడు కడుతోంది, గోరింక కన్నా కొంచెం చిన్నది, తల నల్లగా నెత్తి మీద చిన్న జుట్టు, ఒళ్లంతా పొలుసులు పొలుసులుగా గోధుమరంగు, తోక నలుపు చివర తెలుపు. తోక కింద మాత్రం కుంకం అద్దినట్టు ఎరుపు. అమ్మేమో పిగిలిపిట్ట అంటోంది, పక్కింటావిడ బుల్‌బుల్ అంటారు, నెట్‌లో బుల్‌బుల్ అని కొడితే బుగ్గల మీద ఎరుపున్న ఫొటోలొస్తున్నాయి, దీనికి బుగ్గ మీద ఏమీ లేదు. ఇది ఆడదా, లేక వేరే పిట్టా?

పొద్దున్నే నడక:
ఇద్దరూ కరెక్టే, పిగిలిపిట్టే బుల్‌బుల్. ఇది రెడ్ వెంటెడ్ బుల్‌బుల్, మీరు ఫొటోల్లో చూసింది రెడ్ విస్కర్డ్, దానికి జుట్టు కొమ్ములా నిటారుగా ఉంటుంది, గొంతూ పొట్టా తెలుపు, రొమ్ముకి అటూ ఇటూ ముదురు పట్టీ. అరకు వైపు కనిపిస్తుంది. ఆడా మగా చూసి చెప్పలేమండీ, రెండూ ఒకేలా ఉంటాయి. ఈసారి ఎగిరేటప్పుడు తోక మొదట్లో పైవైపు చూడండి, తెల్లగా మెరిస్తే ఇంక డౌటే అక్కర్లేదు.

కెమెరా బ్యాగు:
బుగ్గ ఒక్కటే చూసి తేల్చెయ్యకండి. రెడ్ విస్కర్డ్ పిల్లలకి కూడా బుగ్గ మీద ఎరుపుండదు, నేను అరకులో అలాగే పొరబడ్డా, ఇంటికొచ్చి ఫొటో జూమ్ చేసి పొట్ట తెల్లగా ఉండటం చూశాక తెలిసింది. జుట్టు కూడా అంతే, పిగిలి కంగారుపడితే లేపుతుంది, లేకపోతే అణిగిపోయి తల గుండ్రంగా కనిపిస్తుంది.

దూరపు చుట్టం:
మేం హ్యూస్టన్‌లో ఉంటాం, ఇక్కడ కూడా ఈ పిగిలి ఉంది తెలుసా! పెంచుకోడానికి తెచ్చినవి తప్పించుకుని స్థిరపడిపోయాయంటారు. మొదటిసారి కరెంటు తీగ మీద చూసినప్పుడు మా ఊరి దొడ్డే గుర్తొచ్చింది.

మేడమీద తోట:
చూశానండీ! పొద్దున నీళ్లు పోద్దామని తలుపు తీస్తే గూట్లోంచి ఎగిరింది, తోక మొదట్లో తెల్లగా కనిపించింది. గూట్లో రెండు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు. నీళ్లు పోయకుండానే తలుపేసేశా. పొదగడానికి ఎన్నాళ్లు పడుతుంది?

పొద్దున్నే నడక:
దాదాపు రెండు వారాలు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగలు కత్తిరించకండి, అది బయటికెళ్లినప్పుడు చప్పుడు చెయ్యకుండా కుండీలో నీళ్లు పోసుకోండి.