సెయింట్ మార్టెన్ మాహో బీచ్: నెత్తి మీద నుంచి విమానాలు, పిల్లాడితో వెళ్లొచ్చా?

ప్రశ్న
నమస్తే అండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. డిసెంబరు సెలవులకి కరీబియన్‌లోని సెయింట్ మార్టెన్‌కి టికెట్లు తీశాం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు కూడా మాతో వస్తున్నారు. మావాడు ఆవిడకి అక్కడి ప్రిన్సెస్ జూలియానా ఎయిర్‌పోర్టు వీడియోలు చూపించాడు. బీచ్‌లో స్నానాలు చేసేవాళ్ల మీదుగా విమానం దిగుతోంది. అంతే, "నేను రాను, మీరు వెళ్లిరండి" అని కూర్చున్నారు. వీడికేమో రన్‌వే కంచె పట్టుకుని వీడియో తీయించుకోవాలని ఉంది. ల్యాండింగ్ నిజంగా అంత ప్రమాదమా? ఏడేళ్ల పిల్లాణ్ణి కంచె దగ్గర నిలబెట్టొచ్చా?

జవాబు
మేం వెళ్లొచ్చాం. లోపల కూర్చున్నవాళ్లకి పెద్దగా ఏమీ తెలీదు. కిటికీలోంచి చాలాసేపు నీళ్లే కనిపిస్తాయి, ఉన్నట్టుండి రన్‌వే వచ్చేస్తుంది. ఎడమవైపు కూర్చుంటే హోటళ్లు, కొండలు కనిపిస్తాయి.

జవాబు
నాకు విమానాల పిచ్చి, కొంచెం పొడుగ్గా రాస్తా, ఏమనుకోకండి.

మీ అత్తగారు ల్యాండింగ్‌కి భయపడుతున్నారు, మీవాడికి కంచె కావాలి. అసలు భయపడాల్సింది ఆ కంచెకే.

అక్కడ విమానం మామూలు కన్నా కిందగా ఏమీ దిగదు. ఎక్కడైనా దాదాపు 3 డిగ్రీల వాలులోనే వస్తుంది, రన్‌వే అంచు దాటేటప్పుడు సుమారు 50 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ఓ తాటిచెట్టంత. మిగతా చోట్ల ఆ అంచు ముందు ఖాళీ జాగా, దాని చుట్టూ గోడ ఉంటాయి, మనల్ని రానివ్వరు. ఇక్కడ అంచు పక్కనే రోడ్డు, రోడ్డు పక్కనే బీచ్. మనమే వెళ్లి విమానం కింద నిలబడుతున్నాం. రన్‌వే సుమారు 2,300 మీటర్లే కాబట్టి పైలట్లు మొదట్లోనే చక్రాలు ఆనించాలని చూస్తారు.

చిక్కు వచ్చేది వాన పడుతున్నప్పుడు. 2017 మార్చిలో కెనడా వెస్ట్‌జెట్ విమానం ఒకటి వానలో రన్‌వే ఎడమవైపున్న హోటల్‌నే రన్‌వే పరిసరాలనుకుని వచ్చింది. నీటికి 40 అడుగుల ఎత్తు దాకా దిగిపోయి, మళ్లీ పైకి లేచి, తర్వాత క్షేమంగా దిగింది. అనుమానం వస్తే పైకి లేపడం వాళ్ల పద్ధతి. అలా జరిగితే కంగారుపడొద్దని అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇక కంచె. అక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగానే ఎగరాలి. అందుకే పడమటి సముద్రం మీదుగా వచ్చి దిగుతాయి. ఎగిరేటప్పుడూ రన్‌వేకి ఈ బీచ్ వైపున్న చివరి నుంచే పరుగు మొదలుపెడతాయి, అంటే ఇంజన్ల వెనకభాగం బీచ్ వైపే ఉంటుంది. తూర్పున కొండలుండటంతో పైకి లేచాక వెంటనే కుడికి తిరుగుతాయి. పరుగుకి ముందు ఇంజన్లు పెంచినప్పుడు వచ్చే గాలి మనిషిని ఎత్తి పడేస్తుంది. 2017 జులై 12న న్యూజిలాండ్ నుంచి వచ్చిన 57 ఏళ్ల ఆవిడ కంచె దగ్గర నిలబడి ఉండగా ఆ గాలికి ఎగిరిపడి, తలకి దెబ్బ తగిలి చనిపోయారు. ప్రాణాలు పోతాయని అక్కడ బోర్డు కూడా ఉంది. జనం దాని పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, అది వేరే సంగతి.

పిల్లాణ్ణి కంచె దగ్గరికే పోనివ్వకండి.

ఇంకొకరు
జంబో జెట్ ఇంకా వస్తోందా?

జవాబు
లేదండీ. డచ్ విమాన సంస్థ కేఎల్‌ఎం నడిపిన 747, అంటే ఆ జంబో జెట్టే, చివరిసారి వచ్చింది 2016 అక్టోబరులో. వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా ఆ పాతవే.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ అండీ. కంచె సంగతి మావాడికి చెప్పేశాం, ఓ పూట అలిగాడు. మరి ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది? ఏ టైమ్‌కి వెళ్లాలి?

జవాబు
దిగే విమానాన్ని బీచ్ ఇసుకలోంచి చూడొచ్చు, రన్‌వేకి నేరుగా కాకుండా పక్కకి ఉండండి. అప్పుడు కూడా ఇసుక లేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, టోపీ బ్యాగులో పెట్టేయండి. తువ్వాళ్లు, చెప్పులు వదిలేస్తే నీళ్లలో వెతుక్కోవాలి. విమానం రన్‌వే చివరికి వచ్చి మీకు తోక చూపించి తిరిగిందంటే, పిల్లాణ్ణి తీసుకుని పక్కకి, దూరంగా వెళ్లిపోండి. ఆ టైమ్‌లో నీళ్లలో కూడా ఇంజన్లకి నేరుగా వెనక ఉండొద్దు.

మధ్యాహ్నం వెళ్లండి, యూరప్ నుంచి పెద్దవి ఎక్కువగా అప్పుడే వస్తాయి. పక్కనున్న సన్‌సెట్ బార్‌లో ఆ రోజు వచ్చే విమానాల వేళలు ఒక సర్ఫ్‌బోర్డు మీద రాసి పెడతారు. అత్తగారు నీడలో కూర్చుని చూడటానికి కూడా ఆ చోటే నయం. డాలర్లు తీసుకుంటారు. ఒక్కటి గుర్తుంచుకోండి, డిసెంబరులో అక్కడ టైమ్ న్యూజెర్సీ కన్నా గంట ముందుంటుంది. మేం వాచీ మార్చుకోక మొదటిరోజు పారిస్ విమానం చూడలేకపోయాం.